కొత్తపట్నంలో బీచ్ ఒక్కటేనా, ఊరికి చరిత్ర ఏమైనా ఉందా?

మీరడిగింది క్లుప్తంగా ఇదీ: ఉద్యోగం మీద ఒంగోలు వచ్చారు, ఆదివారం వస్తే పిల్లల్ని తీసుకుని కొత్తపట్నం బీచ్‌కి వెళ్తున్నారు, అక్కడ ఇసుక, అలలు, మొక్కజొన్న పొత్తులు, చేపల వేపుడు తప్ప ఇంకేమీ కనబడటం లేదు. ఈ ఊరికి చెప్పుకోదగ్గ చరిత్ర, ఆచారాలు ఏమైనా ఉన్నాయా, ఉంటే ఏం చూడాలి, ఎప్పుడు రావాలి?

ఉందండీ, బోలెడంత ఉంది. కాకపోతే మీరు కారు తిన్నగా తీసుకెళ్ళి ఒడ్డున ఆపి, సముద్రం వైపు తిరిగి కూర్చుంటున్నారు. కొత్తపట్నం చరిత్రంతా మీ వీపు వెనకాల ఉంది. ఒంగోలు నుంచి వచ్చే ఆ 18 కిలోమీటర్ల చుట్టుపక్కల కాలవ గట్టు, ఉప్పు మడులు, ఇసుకలో తవ్విన దొరువులు, చేపలు పట్టేవాళ్ళు ఉండే పల్లెపాలెం, వీటిల్లోనే ఉంది. టిక్కెట్టు పెట్టి చూపించే కోట గానీ మ్యూజియం గానీ లేదు కాబట్టి ఎవరూ చెప్పరు, అంతే. ఆచారాల సంగతికొస్తే కార్తీక పౌర్ణమికి ఒకసారి, వేసవిలో వేట ఆపిన రోజుల్లో ఒకసారి వస్తే చాలావరకు చూసినట్టే.

నేను దస్తావేజులు రాసేవాణ్ణి. మా నాన్నదీ అదే పని. భూమి అమ్ముకోవడానికో, అన్నదమ్ములు పంచుకోవడానికో వచ్చినవాళ్ళు ఇంట్లో ఉన్న పాత కాగితాలన్నీ సంచిలో వేసుకొచ్చి మా ముందు పోస్తారు, వాటిల్లోంచి హక్కు ఎక్కణ్ణుంచి ఎక్కడికి వచ్చిందో వెతకడం మా పని. చరిత్ర పుస్తకాల్లో చదివింది కొంత ఉంది గానీ ఈ ఊరి సంగతి నాకు ఎక్కువగా తెలిసింది ఆ కాగితాల వల్లే.

ఆ కాగితాల్లో మొదట కనిపించేది జిల్లా పేరు. 1904కి ముందు రాసిన దాంట్లో కొత్తపట్నం నెల్లూరు జిల్లా ఒంగోలు తాలూకాలో ఉంటుంది. ఆ ఏడు గుంటూరు జిల్లా కొత్తగా ఏర్పడి ఒంగోలు తాలూకా అందులో కలిసింది, అక్కణ్ణుంచి గుంటూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా అయింది, 1972లో టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. 2022లో చీరాల వైపంతా బాపట్ల జిల్లాకి వెళ్ళిపోయింది, కొత్తపట్నం మాత్రం ప్రకాశంలోనే ఉండిపోయింది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ ఊరి గురించి పాత సంగతులు వెతికేవాళ్ళు ప్రకాశం జిల్లా అని వెతికి ఏమీ దొరకలేదంటారు. పందొమ్మిదో శతాబ్దం సంగతులు కావాలంటే నెల్లూరు జిల్లా మాన్యువళ్ళూ గెజెట్లూ చూడాలి, ఆ తర్వాతవి గుంటూరు జిల్లావి చూడాలి.

ఇంకోటి కూడా ఇక్కడే తేల్చేస్తాను. మార్కోపోలో దిగింది ఇక్కడే అని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆయన రాసింది మోటుపల్లి గురించి. చినగంజాం దగ్గర ఉంటుంది, ఇప్పుడు బాపట్ల జిల్లా. కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం కూడా అక్కడిదే. అంతకు ముందు రాజులు తుఫానుకి కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకంతా లాక్కునేవాళ్ళు, తను అలా చేయననీ, న్యాయంగా రావలసిన సుంకం మాత్రమే తీసుకుంటాననీ సముద్ర వర్తకులకి మాటిచ్చాడు. వీలు చేసుకుని తప్పకుండా చూడండి. అక్కడి వీరభద్రస్వామి గుడి దగ్గర కూర్చుంటే ఇది అంత పెద్ద రేవు అని చెప్పినా నమ్మబుద్ధి కాదు.

కొత్తపట్నం దానితో పోలిస్తే చిన్న రేవు. ఓడ ఒడ్డుకి రాదు, లోతున్న చోట లంగరు వేసుకుని నిలబడేది, సరుకు చిన్న పడవల్లో అటూ ఇటూ మోసేవాళ్ళు. మన కోస్తాలో చాలా రేవుల తీరు అంతే. 1899లో బెజవాడ నుంచి ఒంగోలు, నెల్లూరు మీదుగా మద్రాసుకి రైలు దారి కలిసేసరికి ఈ చిన్న రేవులన్నిటికీ గిరాకీ పడిపోయింది. వర్తకం ఒంగోలు స్టేషన్‌కి మళ్ళింది, ఊళ్ళో చేపల వేట మిగిలింది.

ఇక కాలవ. మీరు బీచ్‌కి వెళ్ళేటప్పుడు ప్రతిసారీ దాని మీదుగానే వెళ్తున్నారు. బకింగ్‌హామ్ కాలువ. ఈసారి వంతెన దాటాక బండి పక్కకి ఆపి రెండు నిమిషాలు దాన్ని చూడండి. ఉత్తరాన పెదగంజాం నుంచి దక్షిణాన తమిళనాడులో మరక్కాణం దాకా, సుమారు 420 కిలోమీటర్లు. మద్రాసు దగ్గర 1806లో చిన్న ముక్కగా మొదలై అంచెలంచెలుగా ఇటు పెరుగుతూ వచ్చింది. పెద్ద ఎత్తున తవ్వింది మాత్రం ధాత కరువులో. 1876 నుంచి 78 వరకు పట్టిన ఆ కరువులో తిండి లేక జనం రాలిపోతుంటే, ఊరికే గంజి పోయకుండా పని చూపించి కూలి ఇవ్వాలని ప్రభుత్వం ఈ కాలవ పని పెట్టింది. అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్, ఆయన పేరే దీనికి పెట్టారు.

ఇందులో ఒంగోలు వాటా ఒకటుంది. ఒంగోల్లో అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపిన క్లౌ దొర పేరు మీరు వినే ఉంటారు, ఆసుపత్రికి కూడా ఆయన పేరే. ఆయన ఈ కాలవలో మూడున్నర మైళ్ళ ముక్క తవ్వించే కాంట్రాక్టు స్వయంగా తీసుకున్నాడు. మామూలు పనుల దగ్గర మేస్త్రీలు మాదిగ పల్లెల వాళ్ళని తరిమేసేవాళ్ళు, కూలి ఎగ్గొట్టేవాళ్ళు. తన పని దగ్గర ఆ బాధ లేకుండా వేల మందికి కూలి దొరికింది. కరువు తీరాక, 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ జిల్లాలో సగం కుటుంబాల చరిత్ర ఏదో ఒక రకంగా ఆ కరువుకి ముడిపడి ఉంటుంది. మా దగ్గరికొచ్చే కాగితాల్లో కూడా ఆ కాలంలో గింజల కోసం తాకట్టు పెట్టి మళ్ళీ విడిపించుకోలేకపోయిన భూముల ప్రస్తావనలు అప్పుడప్పుడు తగులుతుంటాయి.

ఆ కాలవలో తర్వాత చాలా ఏళ్ళు పడవలు తిరిగాయి. ఇక్కణ్ణుంచి ఉప్పు, ధాన్యం, సరుగుడు కట్టెలు మద్రాసుకి వెళ్ళేవి. గాలి ఉంటే తెరచాప ఎత్తేవాళ్ళు, లేకపోతే మనుషులే గట్టు మీద నడుస్తూ తాడు భుజానికి వేసుకుని లాగేవాళ్ళు. మద్రాసులో పొయ్యిలో కట్టె మండిందంటే మన తీరంలో ఒక సరుగుడు తోట నరికినట్టే. లారీలు వచ్చాక అదీ పోయింది. 2008లో దీన్ని జాతీయ జలమార్గం అన్నారు, నంబరు కూడా ఇచ్చారు, 4. కాగితం మీద ఉంది. ఇప్పుడు చాలాచోట్ల గట్లు కోసుకుపోయి, పక్కన రొయ్యల చెరువులు వచ్చి, ఏది కాలవో ఏది చెరువో తెలియకుండా ఉంటుంది.

ఉప్పు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదనుకుంటా. ఈ తీరం పొడుగునా ఉప్పు కొఠార్లు ఉండేవి, చినగంజాం, కనపర్తి వైపు ఇప్పటికీ కనిపిస్తాయి. వర్షాలు తగ్గాక పని మొదలై వేసవంతా నడుస్తుంది. ఉప్పునీళ్ళు మడి నుంచి మడికి మారుతూ చిక్కబడతాయి, చివరి మడిలో తెల్లగా తేలిన ఉప్పుని పలకతో దగ్గరికి లాగి కుప్ప పోస్తారు. ఒక్క వాన అకాలంగా పడితే మొత్తం కరిగి మళ్ళీ మొదటికొస్తుంది. అలాంటి చోట ఉప్పు మీద పన్ను, పైగా సొంతంగా వండుకుంటే నేరం. అందుకే 1930లో ప్రకాశం పంతులు గారు ఉప్పు సత్యాగ్రహ శిబిరం ఈ చుట్టుపక్కలే, ఒంగోలు దగ్గర దేవరంపాడులో పెట్టారు. అక్కడి విజయస్తూపం ఇప్పటికీ ఉంది, పిల్లల్ని తీసుకెళ్ళండి. స్కూల్లో దండి అని చదువుకుంటారు గానీ పక్క మండలంలో జరిగింది ఎవరూ చెప్పరు.

చాలామందికి తెలియనిది ఇంకోటి. 1937 వేసవిలో కొత్తపట్నంలో రాజకీయ పాఠశాల నడిపారు. కాంగ్రెస్ సోషలిస్టులు, అప్పట్లో వాళ్ళతో కలిసి పనిచేస్తున్న కమ్యూనిస్టులు పెట్టింది. ఆంధ్రా అన్ని వైపుల నుంచి కుర్రాళ్ళు వచ్చి అర్థశాస్త్రం, రాజకీయాలు నేర్చుకోవడానికి ఇక్కడ దిగారు. వేసవిలో ఒంగోల్లో నిప్పులు చెరుగుతుంటే ఇక్కడ మధ్యాహ్నం దాటేసరికి సముద్రపు గాలి తిరుగుతుంది, గాలి కోసం ఇంత దూరం వచ్చి ఉండే అలవాటు అప్పటికే ఉంది మరి. మద్రాసు ప్రభుత్వం పాఠశాలని నిషేధించింది, వీళ్ళు వెళ్ళబోమన్నారు, పోలీసులు లాఠీలతో కొట్టారు. కాంగ్రెస్ మంత్రివర్గం గద్దెనెక్కింది ఆ తర్వాత, ఆ ఏడు జులైలో. మనం ఇప్పుడు సెల్ఫీలు తీసుకునే ఇసుకలో ఇలాంటిదొకటి జరిగిందని చెప్పే చిన్న బోర్డు కూడా నాకైతే ఎక్కడా కనబడలేదు. నన్నడిగితే బీచ్‌లో పెట్టిన సిమెంటు బొమ్మల కన్నా ముందు అది పెట్టాలి.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన సంగతి, దొరువులు. అల్లూరు, కొత్తపట్నం, ఈతముక్కల వైపు ఇసుక నేలల్లో ఇవే బావులు. సముద్రం పక్కనే ఇసుకలో నాలుగడుగులు తవ్వితే మంచినీళ్ళు! కొత్తవాళ్ళు నమ్మరు. వాన నీళ్ళు ఇసుకలోకి ఇంకి, కింద ఉన్న ఉప్పునీళ్ళ కన్నా తేలిక కాబట్టి పైనే పొరలా నిలబడతాయి. ఆ పొర వరకే తవ్వాలి, మోతాదులో తోడుకోవాలి. దొరువు నిటారుగా ఉండదు, మనిషి దిగేలా ఒకవైపు ఏటవాలుగా తవ్వుతారు. రైతు రెండు కడవలు చేతబట్టుకుని పరుగులాంటి నడకతో కిందికి దిగుతాడు, రెండూ ఒక్కసారే ముంచుతాడు, అదే ఊపులో పైకొచ్చి మడుల మధ్య నడుస్తూ రెండు చేతుల్లోవీ ఒకేసారి వంచుతాడు, నీళ్ళు అటో మొక్కకి ఇటో మొక్కకి పడతాయి. మళ్ళీ కిందికి. చిన్నప్పుడు ఎండ ఎక్కకముందు చూసేవాళ్ళం, ఒక్క చుక్క దారిలో పడేది కాదు. కూరగాయలు, పూలు, నారుమళ్ళు అన్నీ ఇలాగే పండించారు. ఇప్పుడు చాలామంది మోటార్లు పెట్టుకున్నారు, కడవలతో పోసేవాళ్ళు ఎక్కడో ఒకరిద్దరు కనిపిస్తారు.

దొరువు ఎంత విలువైందో మా కాగితాలే చెబుతాయి. ఒక పాత పంపకం దస్తావేజులో చెక్కుబందీ ఇలా ఉంది: తూర్పు సముద్రపు ఇసుక దిబ్బ, దక్షిణం తాటిచెట్ల వరస, పడమర కాలువ గట్టు, ఉత్తరం ఫలానా వారి దొరువు. ఆ కింద, ఇంటి దూలాలు, ఎద్దులు పంచినట్టే దొరువులో సగం హక్కు ఒకరికి, సగం ఇంకొకరికి, ఎవరు పొద్దున తోడుకోవాలి ఎవరు సాయంత్రం తోడుకోవాలి అనే వివరంతో సహా రాశారు. భూమి గురించి ఒక పేరా ఉంటే నీళ్ళ గురించి పేజీ ఉంది. చెప్పొచ్చేదేమిటంటే, ఆ మంచినీటి పొర చాలా పలుచన. లోతుగా బోరు వేసి గంటలకొద్దీ లాగినా, పక్కన ఉప్పునీళ్ళ చెరువు తవ్వినా కింది ఉప్పు పైకొస్తుంది, ఒకసారి వచ్చిందంటే ఏళ్ళు పడుతుంది పోవడానికి. సముద్రం కనబడేలా రిసార్టు కడతాం, స్థలం చూడమని హైదరాబాదు నుంచి ఫోన్లు వస్తుంటాయి నాకు. పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా కోస్తా నియంత్రణ నిబంధనలు ఉన్నాయి, 1991 నుంచీ ఉన్నాయి, వాటి సంగతి ముందు కనుక్కోండి అంటాను. నీళ్ళ సంగతి కూడా అడగండి అంటాను. రెండోదానికి ఫోన్ పెట్టేస్తారు.

పల్లెపాలెం విషయానికొస్తే, ఇక్కడ ఒక మాట. అది జనం బతికే చోటు, ప్రదర్శన కాదు. పొద్దున ఆరింటి లోపు వెళ్తే పడవలు ఒడ్డుకి చేరడం, అక్కడికక్కడే చేపలకి వేలంపాట పెట్టడం చూడొచ్చు. చందువాలు, వంజరం ఉంటే వ్యాపారులు ఎగబడతారు, నెత్తళ్ళు, కవళ్ళు అయితే ఆడవాళ్ళు గంపలకెత్తుకుని ఇసుకలోనే ఎండబెడతారు. బేరం అంతా వాళ్ళదే, మగవాళ్ళు వల సర్దుకుంటూ కూర్చుంటారు. అదృష్టం ఉంటే అలివి వల లాగడం కనబడుతుంది. పడవ వల వదులుకుంటూ సముద్రంలోకి అర్ధచంద్రాకారంగా వెళ్ళి మళ్ళీ ఒడ్డుకొస్తుంది, రెండు కొసల దగ్గరా జనం నిలబడి ఒకే పాట మీద వెనక్కి నడుస్తూ లాగుతారు, చివర్లో ఉన్నవాడు తాడు చుట్ట పెట్టేసి మళ్ళీ ముందుకొచ్చి నీళ్ళ దగ్గర పట్టుకుంటాడు. పడినదాంట్లో పడవకో పాలు, వలకో పాలు, లాగినవాళ్ళకి తలా ఒక పాలు. అడిగితే మిమ్మల్నీ ఒక చెయ్యి వేయనిస్తారు. ఆరబెట్టిన వల మీద నుంచి చెప్పులతో మాత్రం నడవకండి, ఊరుకోరు. అడక్కుండా మొహాల మీద కెమెరా పెట్టకండి. దక్షిణంగా నెల్లూరు వైపు వెళ్ళేకొద్దీ పాలేల్లో పట్టపు వాళ్ళ (చేపల వేట చేసే ఒక కులం) ఇళ్ళల్లో తమిళం కలిసిన మాట వినబడుతుంది, అదో ముచ్చట.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవలతో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అని. ఊళ్ళో అందరూ ఉండేదీ అప్పుడే, కాబట్టి వేసవిలోనే పోలేరమ్మకీ గంగమ్మకీ కొలుపులు చేస్తారు. తేదీ ఏటా మారుతుంది, పెద్దలు కూర్చుని ఖాయం చేస్తారు, క్యాలెండర్లో దొరకదు, ఊళ్ళోనే కనుక్కోవాలి. డప్పులు, పొంగళ్ళు, రాత్రంతా జాగారం. ఆడపడుచులు ఎక్కడెక్కడి నుంచో పుట్టింటికొస్తారు. పిలిచి అన్నం పెడతారు, కాదనకండి.

కార్తీక పౌర్ణమి మాత్రం జిల్లా అంతటిదీ. సముద్రాన్ని ఎప్పుడు పడితే అప్పుడు తాకకూడదని పెద్దవాళ్ళ పట్టింపు, దానికి ఆకామావై అని గుర్తు చెప్పేవాళ్ళు, అంటే ఆషాఢం, కార్తీకం, మాఘం, వైశాఖం, ఆ నాలుగు పున్నములకే స్నానం. ఇప్పుడు ఆదివారం ఆదివారం మునుగుతున్నాం గానీ మా నాయనమ్మ ఆ నాలుగు రోజులు తప్ప మోకాలు లోతు కూడా దిగేది కాదు. పొదిలి, దర్శి లాంటి మెట్ట ఊళ్ళ నుంచి కూడా జనం కార్తీకానికి వస్తారు, ఒకప్పుడు ముందురోజే బండ్లు కట్టుకుని బయల్దేరి ఇసుకలోనే పడుకునేవాళ్ళు. తెల్లవారుజామున స్నానం, ఇసుకతో చేసిన శివలింగం, అరటి దొప్పలో దీపం, ఆ తర్వాత సరుగుడు తోటల్లో వనభోజనాలు. ఒంగోలు వినాయకుల నిమజ్జనం కూడా ఇక్కడే జరుగుతుంది, అది వేరే గోల. దసరాకి మాత్రం బీచ్ వైపు రాకండి, ఒంగోల్లోనే ఉండి రాత్రిపూట కళారాల (దేవతల పెద్ద పెద్ద ముఖాల) ఊరేగింపు చూడండి, ఇంకెక్కడా దొరకదు.

ఒక జాగ్రత్త, ఇది సరదాకి చెప్పడం లేదు. కొత్తపట్నం సముద్రం పైకి నెమ్మదిగా కనిపిస్తుంది, లోపల లాగుతుంది. ఏటా ఎవరో ఒకరు, ఎక్కువగా కాలేజీ కుర్రాళ్ళు పోతున్నారు. అలలు రెండు వైపులా విరుగుతూ మధ్యలో ఒక్కచోట నీళ్ళు ప్రశాంతంగా ఉన్నాయంటే అక్కడే లాక్కెళ్తుంది, చాలామంది అదే మంచి చోటనుకుని దిగుతారు. పాలెం వాళ్ళు అక్కడ దిగొద్దంటే వినండి. వాళ్ళు సముద్రాన్ని నమ్మరు కాబట్టే పాత ఇళ్ళు నీటికి అంత దూరంగా, దిబ్బల వెనక కట్టుకున్నారు. పాలేల్లో స్తంభాల మీద ఎత్తుగా లేపిన సిమెంటు కట్టడాలు కనిపిస్తాయే, అవి తుఫాను షెల్టర్లు, 1977 నవంబరు తుఫాను తర్వాత కోస్తా అంతా కట్టుకుంటూ వచ్చారు. 2004 డిసెంబరు 26 సునామీ కూడా ఈ తీరాన్ని తాకింది, ఆదివారం పొద్దున, సెలవు రోజు. అప్పట్నుంచి చాలామంది తెప్పలు వదిలేసి ఫైబర్ బోట్లకి మారారు.

మీకు ఒక్క రోజే ఉందనుకుంటే ఇలా చేయండి. పొద్దున్నే తిన్నగా పాలెం వెళ్ళి చేపల పాట చూసి, ఎండెక్కక ముందు అల్లూరు వైపు దొరువు ఉన్న తోట ఏదైనా అడిగి లోపలికి వెళ్ళండి, రైతులు కాదనరు. మధ్యాహ్నం దేవరంపాడు. సాయంత్రం వంతెన దగ్గర కాలవ గట్టు మీద కాసేపు నడిచి, పొద్దు వాలాక బీచ్‌కి చేరండి. నవంబరు నెలాఖరు నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం బాగుంటుంది, వాయుగుండం కబురు లేకపోతే. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటిన సంగతి గుర్తుంది కదా. కనుమ రోజు మాత్రం కారేసుకుని రావద్దు. ఒంగోలంతా ఆ ఒక్క రోడ్డు మీదే ఉంటుంది, వెళ్ళడానికి గంటన్నర, రావడానికి ఇంకా ఎక్కువ. బండి మీద వచ్చి, చీకటి పడక ముందే తిరుక్కోండి.